కప్పు చూసి కట్టిన నెట్టు

సూర్యాపేట బస్టాండు వెనక సందులో, పాడైన కంప్యూటర్లలోంచి ఫైళ్లు బయటికి తీసే ఎస్తేరుకు ఒక చెడ్డ అలవాటుంది. పని కుదరకపోతే అన్నం ముట్టదు. ఆ మంగళవారం పొద్దుటి నుంచీ టీ మీదే ఉంది. బయట బల్ల మీద పెన్‌పహాడ్ నుంచి వచ్చిన ఐలన్న, గొర్రెలు మేపుకునే మనిషి, కదలకుండా కూర్చున్నాడు.

ఆయన భార్య రేణుకమ్మకు తలలో గడ్డ. మూడేళ్ల కిందటి స్కానింగులో ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంటే మందులు చాలనీ, పెరిగి ఉంటే గురువారం ఆపరేషన్ తప్పదనీ డాక్టరు చెప్పాడు. ఇల్లు కురిసి పాత ఫిల్ము అట్టలా అతుక్కుపోయింది. స్కానింగ్ సెంటరు మూతబడింది. దాని కంప్యూటర్లలో ఉన్నదంతా ఒకే ఒక పెద్ద ఫైలుగా, వర్చువల్ డిస్కుగా, ఎస్తేరు దగ్గరే దాచారు. దాన్ని తెరిచే ప్రోగ్రామ్ రాసిందీ ఆమే. మూడుసార్లు నడిపింది, మూడుసార్లూ కుప్పకూలింది.

జబ్బేమిటో ఆమెకు తెలుసు. డిస్కులో ఎన్ని ముక్కలున్నాయో, ఒక్కో ముక్క ఎంతో గుణించి ప్రోగ్రామ్ మొత్తం సైజు కడుతుంది. ఆ మొత్తాన్ని పెట్టే గడి చిన్నది. గడి దాటిన అంకె, స్కూటర్ మీటరులో తొమ్మిదులన్నీ నిండాక సున్నాలొచ్చినట్టు, మళ్లీ మొదటికొస్తుంది. కొండంత డిస్కును గోరంత అని నమ్మి ప్రోగ్రామ్ గోరంత చోటే తీసుకుంటుంది, అది దాటి రాయబోయి చస్తుంది. అందుకే మొత్తం మరీ పెద్దదైతే ఆగమని ప్రోగ్రామ్‌లో ఒక వరుస చేర్చింది. అయినా కూలింది. తన తెలివి మీద తనకే ఒళ్లు మండింది.

ఒంటిగంటకు తండ్రి మత్తయ్య ఫోను. మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీల మేస్త్రీ. రోజూ ఈ వేళకే చేస్తాడు.

“తిన్నవా బిడ్డా?”

“లేదు నాయినా. పరేషాన్ల ఉన్న, జరసేపాగి చేస్త.”

ఆయన వినలేదు, ఎవరి మీదో అరుస్తున్నాడు. “ఓ సైదయ్యా! ముందు గోదాం కప్పు సూడు! ఎన్ని వరసలు పడ్తయో తేల్చినంకనే బస్తా ఎత్తు. నెట్టు కట్టినంక సూస్తే ఏం లాభం?”

పదేళ్ల కిందట అలా చూడకుండా పేర్చిన బస్తాల నెట్టు కప్పుకు తగిలి కూలి మత్తయ్య ఎడమకాలు విరిగింది. అప్పటినుంచీ గోదాము లోపలంతా ఒకసారి తిరిగి కప్పు చూడనిదే పని మొదలుపెట్టనివ్వడు. ఇంట్లో అందరూ దాన్ని చాదస్తమనేవారు, ఎస్తేరు అందరికంటే గట్టిగా.

ఫోను పెట్టేసి తెర వైపు చూసింది. ఆమె చేర్చిన వరుస గుణకారం తర్వాత ఉంది. అప్పటికే అంకె చిన్నదైపోయి బుద్ధిగా నిలబడుతోంది. నువ్వు పెద్దదానివా అంటే కాదనే అంటుంది మరి! వరుసను పైకి జరిపింది. గుణించకముందే, ఈ గడిలో అంతంత ముక్కలు ఎన్ని పడతాయో భాగించి చూడాలి. అంతకు మించితే పెద్ద గడికి మారాలి. అందులోనూ పట్టకపోతే కూలకుండా, తెరవలేనని చెప్పి ఆగాలి.

నాలుగింటికి డిస్కు తెరుచుకుంది. రేణుకమ్మ పేరు, తేదీ, బొమ్మలు.

“గిదేనా మా ఇంటిదాని తల?” ఐలన్న తెరను వేలితో ముట్టబోయి ఆగాడు.

గురువారం పొద్దున ఆయనే ఫోను చేశాడు. “పెరగలేదంట బిడ్డా. ఇంటికి తోల్కపొమ్మన్నరు.” ఆపైన ఏడ్చాడు. ఎస్తేరుకూ ఏడుపాగలేదు.

ఆ రోజు ఒంటిగంట దాకా ఆగకుండా తనే మిర్యాలగూడకు ఫోను చేసింది. తిన్నవా అని ఆయన అడిగేలోపే అంది.

“నాయినా, కాలు నొస్తున్నదా?”