ఏడో రంగంలో పనసపొట్టు

మా మేనమామ సూర్యప్రకాశం నలభై ఏళ్లు పెళ్లిళ్లకు వంటలు చేశాడు. ఆ నలభై ఏళ్లలో వడ్డనకు ముందు ఏ గిన్నెలోదీ నాలిక మీద వేసుకుని చూడలేదు. దేవుడికి చూపించకుండా, విస్తట్లో పడకుండా వంటవాడు నోట్లో పెట్టుకుంటే గుండిగంతా ఎంగిలి అని మా తాతయ్య గరిటె చేతికిచ్చిన రోజే చెప్పాడట. ఇది మావయ్య ఒక్కడి చాదస్తం కాదు, కోనసీమలో పాతకాలపు వంటవాళ్లందరిదీ. పులుసు తెర్లుతుంటే మూత కాస్త పక్కకు జరిపి, ఆవిరిలోకి ముఖం వంచి, "ఉప్పు చాల్లేదురా, ఇంకో గుప్పెడు వెయ్యి" అనేవాడు.

"ఉప్పుకి వాసనేంటి మావయ్యా? నేను కెమిస్ట్రీ చెప్పేదాన్ని, నాకు చెప్పకు" అని దెబ్బలాడేదాన్ని.

"ఉప్పుకి లేదే కౌముదీ. ఉప్పు పడ్డ కూరకి ఉంది" అనేవాడు. వెయ్యి విస్తళ్ల భోజనాల్లో కూడా ఆ లెక్క తప్పడం నేను చూడలేదు. అందుకని నోరు మూసుకునేదాన్ని. నేను నోరు మూసుకునే సందర్భాలు తక్కువని మా ఆయన అంటాడు.

ఆ ముక్కు రెండువేల నాలుగు కార్తీకంలో పోయింది. వారం రోజులు జ్వరం, పడిశం. జ్వరం తగ్గింది, పడిశం తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. నాకు ఆ సంగతి ఎలా తెలిసిందంటే, ఓ సాయంత్రం ఇన్నీసుపేటలో వాళ్లింటికి వెళ్లాను. వీధి గుమ్మంలోకే మాడు కంపు కొట్టింది. వంటింట్లో పాలగిన్నె అడుగంటి నల్లబడిపోతోంది. మూడడుగుల దూరంలో, పొయ్యికి వీపు పెట్టి కూర్చుని, మావయ్య తీరిగ్గా పంచాంగం చూసుకుంటున్నాడు. నేను పొయ్యి కట్టేశాను. ఆయన గిన్నె వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఎవరికీ చెప్పకే. మీ అత్తయ్యకి కూడా" అన్నాడు. "ముక్కు లేని వంటవాణ్ణి పుట్టెంట్రుకల భోజనాలకి కూడా పిలవరు."

డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడాయన. ఆ మాట చెప్పడానికి అంత చదువెందుకో నాకు తెలియలేదు. దారిలో మావయ్యతో పోట్లాట పెట్టుకున్నాను. "నాలిక బాగానే ఉందిగా? ఉప్పూ పులుపూ తెలుస్తున్నాయిగా? చెంచాడు నోట్లో వేసుకుని చూస్తే నీ సొమ్మేం పోతుంది?"

"అదొక్కటీ అడక్కు" అన్నాడు.

ఐదు నెలలు అలాగే నెట్టుకొచ్చాడు. అన్నీ కొలతలతో వేసేవాడు. పోపు చప్పుడును బట్టి దించేవాడు. పాత సహాయకుల్ని పిలిచి, "నీకు నేర్పుతున్నాను, వాసన చూసి ఏం తక్కువైందో చెప్పు చూద్దాం" అని వాళ్ల ముక్కులు అరువు తెచ్చుకునేవాడు. వాళ్లు గురువుగారికి తమ మీద ఇంత ప్రేమేమిటా అని పొంగిపోయారు.

ఇంతలో గోదావరి గట్టు మీద గణేష్‌బాబుగారు కొత్త హోటల్ కట్టారు. ఆయనకు రైసు మిల్లులున్నాయి, కొత్త పిచ్చి ఏది వచ్చినా అది ముందు ఆయనకే కావాలి. బొంబాయి నుంచి ఓ షెఫ్‌ను తీసుకొచ్చారు. ఇద్దరూ కలిసి ఒక భోజనం కనిపెట్టారు. దాని పేరు 'గోదావరి నాటకం'. పదకొండు రంగాలు. రంగానికో వంటకం, అదీ చెంచాడు. ప్రతి రంగానికీ దీపాలు మారతాయి, వెనక పాటో, పడవ తెడ్ల చప్పుడో వస్తుంది, షెఫ్ నిలబడి ఆ వంటకం కథ చెబుతాడు. ఏడో రంగం పనసపొట్టు కూర. దానికి మా మావయ్యను పిలిచారు. పంచె, కండువాతో అతిథుల ముందుకు వచ్చి, ఉడికిన పొట్టులో అక్కడికక్కడే ఆవ కలపాలి. ఆవ ఘాటు హాలంతా కమ్ముకోవడమే ఆ రంగంలోని గొప్ప. ఆ హాల్లో అది తెలియని ముక్కు ఆయనదొక్కటే.

రుచి చూడనంటాడని షెఫ్‌కు ముందే చికాకు. గణేష్‌బాబుగారు మధ్యలో పడి ఒప్పందం చేశారు. చైత్రంలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఊళ్లో పెద్దలు పద్నాలుగు మందికి మొదటి భోజనం. ఆ పూట కూర కుదిరితే సూర్యప్రకాశంగారికి అక్కడే ఉద్యోగం, కుదరకపోతే నమస్కారం. మావయ్యకు మోకాళ్లు అరిగిపోయాయి. ట్రాక్టర్ల మీద గుండిగలేసుకుని ఊళ్లు తిరగలేడు. ఇది పోతే ఆయనకు ఇంకో చోటు లేదు. ఎందుకు పోయిందని జనం అడిగితే, దాచిన సంగతి కూడా బయటికొస్తుంది. అప్పుడిక పేరు కూడా మిగలదు.

ఆ పద్నాలుగు మందిలోనే వంటవాళ్లకు తలా ఒక అతిథిని పిలుచుకునే వీలిచ్చారు. మావయ్య అత్తయ్యను కాదని నన్ను పిలిచాడు. ఎందుకో ముందురోజు చెప్పాడు.

"కూర కలపగానే ముందు నీకే వడ్డిస్తాను. బావుంటే ఇక చాలని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టు. ఉప్పు తక్కువైతే ఉప్పడుగు, ఎక్కువైతే పెరుగడుగు. పక్కన చప్పిడి పొట్టు ఇంకో గిన్నెడు ఉంచుకుంటాను, అక్కడే సరిచేస్తాను. నాటకమే కదా, అదీ నాటకంలో భాగమనుకుంటారు."

"నాకు నచ్చలేదు మావయ్యా."

"నచ్చమన్లేదు. రమ్మన్నాను."

వెళ్లాను. పొడుగాటి బల్లకు ఒకవైపునే వరసగా వేశారు కుర్చీలు, పంక్తిలాగా. తెరలు దించి పట్టపగలు చీకటి చేశారు. వరస మొదట్లో పెదబాబుగారు కూర్చున్నారు. ఎనభై దగ్గరపడ్డ మనిషి, కోరుకొండ వైపు పెద్ద రైతు. వాళ్లింట్లో ముప్పయ్యేళ్లుగా ప్రతి శుభకార్యానికీ మావయ్యే వంట. నేను వరసలో ఆఖరిదాన్ని.

మొదటి రంగం తెల్లవారుజాము. బల్ల మీదికి పొగమంచు వదిలారు, ఒక్కొక్కరి ముందూ ప్రమిదలో కొబ్బరినీళ్ల గడ్డ పెట్టారు, రేగిపండంత. ఎవరూ ముట్టుకోలేదు. వరసంతా వడ్డన పూర్తయి, ఇంటాయన "కానివ్వండి" అనకుండా మన వైపు ఎవరైనా చెయ్యి పెడతారా? మిగతా ఐటాలు వస్తాయని పద్నాలుగు మందీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. షెఫ్ చూస్తున్నాడు, మంచు విడిపోయింది, గడ్డ కరిగి నీళ్లయింది. చివరికి గణేష్‌బాబుగారు లేచి, "అంతేనండి, అది తినేయండి, దానికదే" అన్నారు. మా ఎదురుగా షెఫ్ ముఖం చూస్తే, ఈ పూట ఏ చిన్న తప్పునూ క్షమించేలా లేడనిపించింది.

తరవాత గోటంత పూతరేకు మీద కారప్పొడి వచ్చింది. పడవలో రూపాయి బిళ్లంత పెసరట్టు వచ్చింది. దాని వెనక తెడ్ల చప్పుడు వినిపించింది. నాలుగూ, ఐదూ ఏమిటో నాకిప్పటికీ గుర్తు లేదు. నోట్లో పెట్టుకున్నాను, మింగాను, తలుపు వైపు చూశాను. పక్కాయన "ఆకలి వేయడానికి పెడుతున్నారా, తీరడానికా?" అని గొణిగితే వేరే రోజయితే పడీపడీ నవ్వేదాన్ని. ఆరో రంగంలో చెంచాడు ఉలవచారు గాజు గొట్టంలో వచ్చింది. చూసుకోక సగం చీర మీద పోసుకున్నాను.

ఏడో రంగానికి తలా ఓ విస్తరి ముక్క వేశారు, దీపం ఒక్కచోటే పడింది. ఆ వెలుగులోకి మావయ్య వచ్చాడు. ముందు కంచు బేసిన్‌లో పసుపుపచ్చగా పనసపొట్టు, జీడిపప్పు, ఎండుమిరప. ఒక పక్క ఆవముద్ద, నూనె. ఇంకో పక్క మూత పెట్టిన గిన్నె. షెఫ్ ఇంగ్లీషులో పనసచెట్టు గురించి చెబుతున్నాడు. మావయ్య మోచేతులదాకా చేతులు పెట్టి ఆవ కలిపాడు. ఘాటు ముక్కులకెక్కి పద్నాలుగు మందీ ఒక్కసారి కదిలారు. ఆయన కళ్లు నన్ను వెతికి పట్టుకున్నాయి. నేను తలూపాను.

బేసిన్ చేతిలోకి తీసుకున్నాడు. నా వైపు రెండడుగులు వేశాడు. అంతలో పంక్తి మొదట్లో పెదబాబుగారు విస్తరి ముక్క సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. మావయ్య ఆగిపోయాడు. పెద్దాయన్ని పక్కనపెట్టి, వరస చివరున్న మేనకోడలికి ముందు వడ్డించడం, నలభై ఏళ్లు పంక్తుల్లో తిరిగిన ఆ కాళ్లకు చేతకాలేదు. వెనక్కి తిరిగాడు. పెదబాబుగారి దగ్గర వంగి, మొదటి పిడికెడూ ఆయన ఆకులో పెట్టాడు.

నాకు అరవాలనిపించింది. ఏమని అరవను?

పెదబాబుగారు నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఒక్క క్షణం ఆగింది. అందరం ఆయన్నే చూస్తున్నాం. ఆయన మళ్లీ నమిలి, మింగి, "ప్రకాశంగారూ, మారు వెయ్యండి" అన్నారు.

మారు అడగడం కన్నా వంటవాడికి కావలసిందేముంది? మావయ్య ముఖం విప్పారింది. గణేష్‌బాబుగారు షెఫ్ భుజం తట్టారు. రెండో ఆయనా మారు అడిగాడు, మూడో ఆయనా. ఒక్కొక్కరూ గబగబా నీళ్లు తాగడం నేను గమనిస్తూనే ఉన్నాను, ఆవ ఘాటేమో అని నాకు నేను చెప్పుకున్నాను. బేసిన్ నా దగ్గరికి వచ్చింది. మావయ్య నవ్వుతూ పెట్టాడు. నోట్లో వేసుకున్నాను.

ఉప్పు కషాయం. మింగుడు పడలేదు. తరవాత తెలిసిందేమిటంటే, హోటల్ వంటింట్లో కూరగాయలు ఉడికే నీళ్లలోనే ఉప్పు వేసేస్తారట. అక్కడో కుర్రవంటవాడు వాళ్ల పద్ధతిలో వేశాడు, ఆపైన మావయ్య తన కొలత వేశాడు. ముక్కు ఉంటే ఆవిరిలోనే పట్టేసేవాడు.

పదమూడు ఆకులు ఖాళీగా ఉన్నాయి. తినే చోట వంక పెట్టకూడదన్న మర్యాద కొద్దీ ఆ పెద్దమనుషులు రెండేసి సార్లు తిన్నారు. ఇక మిగిలింది నేను. చెయ్యి అడ్డం పెడితే ఈ పూట గట్టెక్కిపోతుంది, ఉద్యోగం ఆయనదే. కానీ వాళ్లందరూ ఒక్క పూట పొరపాటని క్షమించారు. ఇది రేపూ జరుగుతుందనీ, ఎల్లుండి డబ్బిచ్చి తినే పరాయివాడు ఆకు విసిరికొడతాడనీ నాకొక్కదానికే తెలుసు. నాకు వాళ్లందరి మంచితనం మీదా కోపం వచ్చింది. మావయ్య నా చేతి వంకే చూస్తున్నాడు. నా చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది.

"పెరుగు వేయిస్తావా మావయ్యా?" అన్నాను.

ఆయన నవ్వు వెంటనే పోలేదు. మెల్లగా పోయింది. వరస మొదటిదాకా తల తిప్పి ఆ ఖాళీ ఆకులన్నీ చూశాడు. ఆ చూపు నేనీ జన్మలో మర్చిపోలేను.

వెనక్కి నడిచి, మూత గిన్నెలో తను విడిగా ఉడికించుకున్న చప్పిడి పొట్టు బేసిన్‌లో వంచాడు. నూనె పోశాడు, మళ్లీ కలిపాడు. షెఫ్ ఏదో అనబోతే గణేష్‌బాబుగారు చేత్తో ఆపారు. కలపడం అయ్యాక, అలవాటు కొద్దీ బేసిన్ మీదికి ముఖం వంచాడు. అలాగే ఉండిపోయాడు చాలాసేపు. వెనక ఎవరూ ఆపని పాట నడుస్తూనే ఉంది. అప్పుడు మూడు వేళ్లతో చిటికెడు తీసి, అందరూ చూస్తుండగా, నోట్లో వేసుకున్నాడు.

వరసలో ఒకావిడ "అయ్యో" అంది, మెల్లగా.

"ఇప్పుడు సరిపోయిందండి" అన్నాడు మావయ్య. "ఇది ఎంగిలి చేశాను. తినగలిగినవాళ్లు చెప్పండి, పెడతాను. నాకు కార్తీకంలోనే ముక్కు పోయింది. దాచాను. పెదబాబుగారూ, మీరు మారు అడిగారు. ముప్పయ్యేళ్లలో మీరు నాకు అబద్ధం చెప్పడం ఇదే మొదలు."

"ముప్పయ్యేళ్లు మీ ఉప్పు తిన్నానండి. ఈ పూట కాస్త ఎక్కువ తిన్నాను, అంతే" అన్నారు పెదబాబుగారు. ఆకు ముందుకు జరిపారు. "పెట్టండి."

పద్నాలుగు మందిలో తొమ్మిది మందిమి తిన్నాం. ఐదుగురు చెయ్యి అడ్డం పెట్టారు. వాళ్లను తప్పు పట్టను.

షెఫ్‌కు గణేష్‌బాబుగారు అంతా విడమర్చి చెబితే, ఆయన మావయ్య దగ్గరికి వచ్చి ఒక చెంచా చేతికిచ్చాడు. రోజూ రుచి చూసేట్టయితే రేపట్నుంచే రమ్మన్నాడు. మావయ్య చెంచా తీసుకున్నాడు. ఉద్యోగం దక్కింది.

ఆ సాయంత్రం నేను ఏడ్చాను. "నన్ను తిట్టు మావయ్యా" అన్నాను.

"ఎందుకు? నువ్వు నిజం చెప్పావు" అన్నాడు. అంతకన్నా తిట్టినా బావుండేది.

ఆ శ్రావణంలో మా అమ్మ ఆబ్దికం వచ్చింది. అమ్మ ఆయనకు ఒక్కతే అక్క. పోయిన దగ్గర్నుంచీ ఏటా మా అన్నయ్య ఇంట్లో ఆ వంట ఆయనదే. ఈసారి వేరే ఎవరినో పెట్టుకోమని ముందే కబురు చేశాడు. రుచి చూసి వండే చెయ్యి పితృకార్యానికి పనికిరాదన్నాడు. మేమెవరం ఎంత చెప్పినా వినలేదు. ఆ రోజు పొద్దున్నే వచ్చి, స్నానం చేసి, వంటింటి గుమ్మం బయట గోడకానుకుని కూర్చున్నాడు. లోపల పొయ్యి మీద పులుసు తెర్లుతోంది. కొత్త వంటాయన గుమ్మంలోకి వచ్చి, "గురువుగారూ, ఉప్పు సరిపోయిందంటారా?" అని అడిగాడు. పాపం, ఆయనకేమీ తెలియదు.

మావయ్య లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయాడు. "మీరే చూసుకోండి నాయనా" అన్నాడు.