కుడివైపు సీటు

మా కారుకి స్టీరింగ్ ఎడమవైపు ఉండేది. మద్రాసులో ఉద్యోగం ముగించుకుని సొంత దేశానికి వెళ్ళిపోతున్న ఒక అమెరికా దొర దగ్గర మా ఆయన కొన్నారు. గూడూరులో మైకా వ్యాపారం బాగా నడుస్తున్న రోజులవి. ఊళ్ళో పెద్ద కారు కొన్నవాళ్ళు మరికొందరు ఉండేవాళ్ళు. వాళ్ళు దర్జా కోసం కొన్నారు, మా ఆయన భుజం కోసం కొన్నారు.

ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. మా పెళ్ళికి ముందే మైకా గనిలో రాయి జారి ఆయన కుడి భుజం మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ ఆ చెయ్యి పైకి లేచేది కాదు, బరువు లాగేది కాదు. అన్నం తినడానికి, సంతకం పెట్టడానికి సరిపోయేది. చొక్కా నేను తొడిగేదాన్ని. గని దగ్గర అందరినీ గద్దించే మనిషి కదా, చెయ్యి లేవదని తెలిస్తే లోకువైపోతానని ఆయన భయం. అందులో అంత దాచాల్సిందేముందో నాకు అర్థమయ్యేది కాదు. అయినా భుజం ఆయనది కాబట్టి నోరు మూసుకున్నాను.

ఆ కారులో గేర్లు మార్చే పని లేదు. స్టీరింగ్ కోసం ఇంజనుతో పాటు తిరిగే చిన్న పంపు ఒకటి ఉండేది. అది నూనెను తోస్తే, ఆ బలానికి చక్రాలు తిరిగేవి. ఎడమ అరచెయ్యి ఆనిస్తే చాలు, అంత బండీ చెప్పినట్టు వినేది. ఆయన ఒంటి చేత్తో బజారు మలుపు తిప్పుతుంటే జనం నిలబడి చూసేవాళ్ళు. కుడి చెయ్యి ఒళ్ళో ఊరికే పడి ఉండేది.

ఆ కారులో నాకూ ఒక ఉద్యోగం ఉండేది. మన రోడ్ల మీద ఎడమవైపు కూర్చుని నడిపేవాళ్ళకి ముందున్న బండికి అవతల ఏం వస్తోందో కనపడదు. కుడివైపు సీటులో ఉన్నవాళ్ళు చూసి చెప్పాలి. చిట్టమూరు దగ్గర మా పొలానికి వెళ్ళే దారి పొడుగునా నేను తల బయటికి పెట్టి ‘ఖాళీ’ అనో ‘ఆగండి’ అనో చెబుతూనే ఉండేదాన్ని. ఖాళీ అన్నానంటే ఆయన మళ్ళీ చూసుకోకుండా ముందున్న బండిని దాటేసేవారు. ఇంట్లో నా మాట ఒక్కటీ చెవిన పెట్టని మనిషి, ఆ ఒక్క మాట మీద ఇద్దరి ప్రాణాలూ పెట్టేవారు. దాన్ని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

కొన్నేళ్ళకు ఉప్పుగాలికీ ఎండకీ పంపు గొట్టం చీలింది. నూనె అంతా కారిపోయింది. ఆ గొట్టం, ఆ నూనె బయటి దేశం నుంచి రావాలి. అవి తెప్పించుకోనిచ్చే రోజులు కావు. మా ఆయన ఏదో లారీ గొట్టం కోయించి బిగించి, నూనెకు బదులు ఇంట్లో ఉన్న ఆముదం పోయించారు. నేను వద్దంటూనే ఉన్నాను.

“బిడ్డలకు పోస్తే మంచిది, బండికి పోస్తే చెడ్డదా?” అన్నారు.

ఆముదం పంపులో జిగురు కట్టింది. మలుపు వచ్చినప్పుడల్లా బండి మూలిగేది. చివరికి పంపు బిగుసుకుపోయింది. మెకానిక్ దాన్ని విప్పి, వాసన చూసి, నవ్వు ఆపుకున్నాడు.

“పంపు పోయినాదయ్యా. మద్రాసులో ఇదే రకం పాత బండిని ముక్కలు చేసి అమ్ముతా ఉండారు. దానికి పంపు లేని స్టీరింగ్ ఉండాది. అది తెచ్చి బిగిస్తా. కానీ చేత్తోనే తిప్పుకోవాల. బరువుగా ఉంటాది, చుట్లు కూడా ఎక్కువ.”

“తిప్పుకుంటాంలే,” అన్నారు మా ఆయన.

ఇంటికొచ్చాక, కారు అమ్మేద్దాం, లేదా డ్రైవర్ని పెట్టుకుందాం అన్నాను.

“అమ్మితే ఎందుకమ్మినావంటారు. డ్రైవర్ని పెడితే నీకేమైందంటారు.”

“అడిగితే చెప్పండి.”

ఆయన లేచి వెళ్ళిపోయారు.

మెకానిక్ పంపు, బెల్టు, గొట్టాలు అన్నీ పీకేసి మద్రాసు నుంచి తెచ్చింది బిగించాడు. పంపు ఉన్న చోట పన్ను ఊడినట్టు ఒక సందు మిగిలింది. మర్నాడు పొద్దున్నే ఆయన బండి తీశారు. బజారు మలుపులో ఎడమ చెయ్యి సగం దాకా తిప్పి ఆగిపోయింది. పట్టు మార్చుకుందామని వదిలితే స్టీరింగ్ వెనక్కి తిరిగిపోతోంది. కారు బజారుకి అడ్డంగా నిలిచింది. వెనక నిమ్మకాయల బండివాడి కేకలు. ఆయన కుడి చేత్తో కూడా పట్టుకుని లాగబోయారు. ముఖం తెల్లగా పాలిపోయింది. నేను పక్కనుంచి రెండు చేతులూ వేసి లాగాను. ఎట్లాగో ఇల్లు చేరాం.

తాళంచెవి మేకుకు తగిలించి, మెకానిక్ సరిగ్గా బిగించలేదని అడిగినవాళ్ళందరికీ చెప్పారు. అది విని నాకు ఒళ్ళు మండింది. వాడు చేసిన పనిలో లోపమేమీ లేదు.

“నేను నేర్చుకుంటాను,” అన్నాను.

రెండు రోజుల్లో ఊళ్ళో మాట పాకింది. “మా ఆవిడకి కారు పిచ్చి పట్టినాది, చెప్తే వినడంలా,” అని ఆయనే అందరితో అన్నారట. నాకు పిచ్చి అని గూడూరంతా నమ్మింది. మొగుడు ఉండంగా ఈమెకేం పొయ్యేకాలమని నాకు వినపడేట్టే అన్నవాళ్ళూ ఉన్నారు. కాదని చెబితే భుజం బయటపడుతుంది. అందుకని ఆ పిచ్చి నాదేనని ఒప్పుకున్నాను. కోపం మాత్రం పోలేదు.

మెకానిక్ ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా పొలం పక్క బీడు నేలలో నేర్పేవాడు.

“నిలబెట్టి తిప్పబాకండమ్మా. రవ్వంత కదలనిచ్చి తిప్పండి, అప్పుడు మాట వింటాది.”

గాజులు అడ్డం వస్తుంటే పైకి తోసుకునేదాన్ని. రోట్లో పిండి రుబ్బిన చేతులు కాబట్టి తట్టుకున్నాయి. మా ఆయన గట్టు మీద అటు తిరిగి నిలబడి, పైరు చూస్తున్నట్టు ఉండేవారు.

మొదటిసారి రోడ్డెక్కిన రోజు ఆయన వెనక తలుపు తెరవబోయారు.

“ముందు కూర్చోండి. నాకు అవతల కనపడదు,” అన్నాను.

వచ్చి కుడివైపు సీటులో కూర్చున్నారు. ఊరు దాటగానే ముందు గడ్డిబండి తగిలింది. రోడ్డంతా గడ్డే. నాకు ఇంకేమీ కనపడలేదు. ఎద్దుల నడకకు తగ్గట్టు వెనకాలే పోనిచ్చాను. ఆయన మోకాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు. వెనక బస్సువాడు హారను కొడుతున్నాడు. అడిగితే చెప్పేవారేమో. నేను అడగలేదు. అన్నేళ్ళూ ఆయన నన్ను అడిగారా? పొలం దాకా ఇట్లాగే పోతాను, నాకేం తొందర, అనుకున్నాను. కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి.

బస్సు మళ్ళీ హారను కొట్టింది. ఆయన కదిలారు. కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి కిటికీ అంచు మీద పెట్టుకుని, దాని మీద ఆనుకుని తల బయటికి పెట్టారు. గడ్డిబండివాడు, బస్సులో జనం, ఎవరు చూసినా చూస్తారు.

“ఖాళీ,” అన్నారు.

కారు కదులుతూనే ఉంది, స్టీరింగ్ తేలిగ్గానే తిరిగింది. నేను మళ్ళీ చూసుకోలేదు.