తాతయ్య దగ్గర చదరంగం నేర్చుకున్న కంప్యూటరు

ఎండాకాలం మధ్యాహ్నం పని చేసుకుంటుంటే ల్యాప్‌టాప్ వేడెక్కి, ఫ్యాను సందులోంచి గోరువెచ్చని దుమ్ము వాసన వస్తుంది. అంతే, నా గుండె గుభేలుమంటుంది. సేవ్ చేశానా? బ్యాటరీ ఉంది, ఇంట్లో ఇన్వర్టరు ఉంది, నేను మర్చిపోయినా దానంతటదే దాచుకునే ఏర్పాటూ ఉంది. అయినా చెయ్యి ఊరుకోదు, నొక్కేస్తుంది. ఆఫీసులో నన్ను చూసి నవ్వుకుంటారు. ఈ భయం నాకు ఆఫీసులో పట్టుకున్నది కాదు, తిరువూరులో మా ఇంటి ముందుగదిలో, నా పదేళ్ళ వయసులో పట్టుకుంది.

ఆ గదిలో అంతకుముందు అమ్మ కుట్టుమిషను ఉండేది. మా సుజాతక్క డిగ్రీ చివరి ఏడాదికి వచ్చాక నాన్న ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు ఒకటి తెచ్చి అక్కడ పెట్టించాడు. అమ్మ దానికి పాత చీరతో ముసుగు కుట్టి, చెప్పులతో ఎవరూ గుమ్మం దాటకూడదని కట్టడి చేసింది. అక్క తోటివాళ్ళంతా ఆస్పత్రి బిల్లులనీ, లైబ్రరీ పుస్తకాలనీ సులువైన ప్రాజెక్టులు ఎంచుకుంటే, మా అక్క మాత్రం చదరంగం ఆడే ప్రోగ్రాం రాస్తానంది. ఇంటర్లో ఒకసారి తప్పిన పిల్ల. "ఈసారీ పోయిందంటే ఇంక చదువు చాల్లే" అని నాన్న ఒక్కసారే అన్నాడు. మళ్ళీ అనలేదు గానీ, ఆ మాట మా ఇంట్లోంచి బయటికి పోలేదు. పాసైతే విస్సన్నపేటలో ఒక స్కూలు వాళ్ళు జూన్‌లో కంప్యూటరు టీచరుగా తీసుకుంటామన్నారు. పోతే ఏమవుతుందో నాకు తెలియదు, తెలియకపోవడం వల్లనే ఎక్కువ భయం వేసేది.

అక్కకి చదరంగం నేర్పింది మా తాతయ్య. మిషన్ స్కూల్లో పంతులుగా చేసి రిటైరైన మనిషి, ఆదివారం గుడిలో ప్రార్థన అయి రాగానే లాల్చీ అయినా విప్పకుండా అరుగు మీద బల్ల పరిచేవాడు. ఆ ఆట ఆయనకి పెనుగొలనులో వాళ్ళ నాన్న నేర్పాడట, నేల మీద బొగ్గుతో గళ్ళు గీసి, చింతగింజలూ కుంకుడుగింజలూ పెట్టి. తాతయ్య చెప్పిన మాట తప్పవుతుందని మాలో ఎవరికీ ఎన్నడూ అనుమానం రాలేదు. ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళలో సగం మంది ఆయన దగ్గరే చదరంగమూ నేర్చుకున్నారు.

చినుకుల రోజుల్లో మొదలైన ఆ ప్రోగ్రాం మా కళ్ళముందే, బారసాల అయిన బిడ్డలాగా, నెలనెలా పెరిగింది. మొదట దానికి కాయలు కదపడం తప్ప ఏమీ తెలియదు, ఎదుటివాడి నోట్లోకి మంత్రిని తీసుకెళ్ళి పెట్టేది. తర్వాత కొట్టడం నేర్చుకుంది, ఇక కనపడిందల్లా కొట్టేయడమే. తాతయ్య నవ్వి, "ఇది మీ చిన్నాన్నే, విస్తరి చూస్తే ఆగదు" అన్నాడు. క్రిస్మస్ నాటికి "నేనిది చేస్తే వాళ్ళేం చేస్తారు, అప్పుడు నేనేం చేయాలి" అని ముందుకు చూడటం వచ్చింది గానీ, ఒక్కొక్క ఎత్తుకి అదెంత ఆలోచించేదంటే, అమ్మ వంటింట్లో గులాబీ పువ్వుల అచ్చు పిండిలో ముంచి నూనెలో పెట్టి, ఒక పళ్ళెం నిండా వేయించి తీసేసినా తెర మీద గుర్తు ఇంకా మినుకుమినుకుమంటూనే ఉండేది. అప్పుడు అక్క దానికి వదిలేయడం నేర్పింది. ఒక దారి చెడ్డదని తేలాక అది ఇంకెంత చెడ్డదో వెతుక్కుంటూ కూర్చోవద్దని. దాంతో ఆట ఊపందుకుంది. నాకు మాత్రం ఆ విద్య ఇప్పటికీ పట్టుబడలేదు.

ఏ కాయ ఎంత విలువో చెప్పాల్సి వచ్చినప్పుడు అక్క ఎవర్నీ అడగలేదు, తాతయ్యతో ఆడించి, ఆయన దేనికోసం దేన్ని వదులుకుంటాడో చూసి, దాన్నిబట్టి సరిచేస్తూ పోయింది. సంక్రాంతి వెళ్ళి చలి తగ్గే వేళకి అది ఆయనలాగే నింపాదిగా, ఆయనలాగే మొండిగా ఆడటం మొదలుపెట్టింది.

ఇదంతా చదవడానికి సరదాగా ఉందేమో, మాకు మాత్రం ఆ ఏడాదంతా బిక్కుబిక్కుమంటూనే గడిచింది. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. పోయిందంటే దాచనిదంతా పోయినట్టే. దసరా సెలవుల్లో అలా ఒక వారం పని పోయి అక్క గోడకేసి తిరిగి పడుకుంది. అప్పట్నుంచీ నాలుగు అక్షరాలు కొట్టడం, సేవ్ నొక్కడం. అమ్మ పొయ్యి దగ్గర నుంచి "అన్నం తిన్నావా" బదులు "సేవ్ చేశావా అమ్మాయ్" అని కేకేసేది. ఫ్యాను రెక్క కాస్త నెమ్మదించినా "అక్కా, సేవ్" అని ముందు అరిచేది నేనే.

మామిడికాయలు దిగి, ఇంటినిండా ఆవపిండి ఘాటు నిండిన రోజుల్లో, పరీక్ష సోమవారమనగా శనివారం నాడు, కాలేజీలో అక్క ప్రాజెక్టు చూసే సారు మా ఇంటికొచ్చారు. చెప్పులు విప్పి, మజ్జిగ తాగి, ఆటకి కూర్చున్నారు. ఆయన ఒక బంటును కదిపారు. కంప్యూటరు ఒకేసారి రెండు బంట్లను కదిపింది.

"ఇదేంటమ్మా, రెండెందుకు కదిలాయి? ఎక్కడో తప్పు రాశావు."

"తప్పు కాదు సార్, మొదటి ఎత్తుకి రెండు బంట్లు కదపొచ్చు కదండీ" అంది అక్క.

సారు అక్క మొహంలోకి చూసి, బయట ఎక్కడైనా ఒక్కటేనమ్మా అన్నారు. తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. చివరి గడికి చేరిన బంటు మా ఇంట్లో ఆ నిలువు వరసలో మొదట ఏ కాయ ఉంటుందో అదే అయ్యేది, బయట మంత్రి కావచ్చట. మా రాజు ఆటకొక్కసారి గుర్రంలా దూకేవాడు, బయట అలాంటిదేమీ లేదట, దాని బదులు రాజూ ఏనుగూ కలిసి కదిలే ఎత్తొకటి ఉందట. ఆ ఎత్తు పేరైనా మేం వినలేదు. "బయట్నుంచి వచ్చే ఎగ్జామినర్ ఇది చూస్తే సున్నా వేస్తాడమ్మా" అన్నారు సారు, కోపంగా కాదు, జాలిగా. కిటికీ అవతల అరుగు మీద తాతయ్య ఉన్నాడు. అన్నీ వినపడ్డాయి.

సారు వెళ్ళాక తాతయ్య లోపలికొచ్చి అక్క తల మీద చెయ్యి వేశాడు. "నాకు తెలిసింది చెప్పాను తల్లీ. సారు చెప్పినట్టు మార్చేయ్. పరీక్ష ముఖ్యం." ఆయన గొంతు అంత చిన్నగా రావడం అంతకుముందెన్నడూ వినలేదు, నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం అక్క గుడికి రాలేదు. ఒక్కొక్క రూలూ తీసేస్తూ, కొత్తది రాస్తూ, చేతికి అలవాటైపోయిన ప్రకారం గడియగడియకీ సేవ్ నొక్కుతూ కూర్చుంది. దేవుడి దయవల్ల ఆ రోజు కరెంటు ఒక్కసారి కూడా పోలేదు. సోమవారం ఎగ్జామినర్ గారు కాసేపు ఆడి, మంత్రిని పోగొట్టుకుని, నవ్వి సంతకం పెట్టారట. నాన్న స్వీటు పొట్లంతో ఇంటికొచ్చాడు.

ఆ సాయంత్రం తాతయ్య కళ్ళజోడు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఒక బంటును కదిపి, రెండోదాన్ని కదపబోయాడు. అది బీప్‌మని కూసి దాన్ని వెనక్కి పెట్టేసింది. మళ్ళీ కదిపాడు. మళ్ళీ కూసింది.

"ఆగు తాతయ్యా, పాతది పెడతాను" అని అక్క ముందుకు వంగి, వెతికి, ఇంకా వెతికి, చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది. నొక్కిన ప్రతి సేవూ పాతదాని మీదే పడింది. వేరే పేరుతో ఒకటి దాచుకోవాలని ఆ భయంలో మా ఎవరి బుర్రకీ తట్టలేదు.

"పర్లేదులే, దాని ఆట మనమే నేర్చుకుందాం" అన్నాడు తాతయ్య. రెండు మూడు ఆదివారాలు కూర్చున్నాడు కూడా. తర్వాత బల్ల పరవడం మానేశాడు, ఆ పై ఏడాది దేవుడి దగ్గరికి వెళ్ళిపోయాడు.

అక్క ఇప్పటికీ విస్సన్నపేటలోనే పాఠాలు చెబుతోంది. ఫోన్లలో ఉన్న చదరంగం లోకంలో ఎవరినైనా ఓడిస్తుంది, రెండు బంట్లు కదపనివ్వదు. మొన్న ఫోన్ చేసి, తాతయ్య ఆట మళ్ళీ రాయవే అన్నాను. "రూల్సే కదా, ఒక్కపూట పని" అంది. సరే అని ఇద్దరం చెప్పుకుంటూ వచ్చాం, బంట్లు అయ్యాయి, రాజు దగ్గరికొచ్చాం. ఒకసారి చెక్ పడ్డాక ఆ రాజు దూకొచ్చా, కూడదా? అక్క దూకొచ్చంటుంది. నేను కూడదంటాను.