సున్నా నుంచి మొదలయ్యే అరలు

యూనివర్సిటీలో కంప్యూటర్ సెంటర్ ఊడ్చే పని నాది. కాంట్రాక్టు కొలువు. మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచే వస్తాను. నలభై తొమ్మిదో ఏట మా బస్తీ చర్చి వరండాలో అక్షరాలు నేర్చుకున్నాక కనిపించిన ప్రతిదీ చదవడం అలవాటైంది. బస్సు బోర్డులు, సబ్బు కవర్లు, చివరికి సర్వర్ మీది అంకెలు కూడా.

ఆ సర్వర్ ముందు వైపు వరసగా ఎనిమిది చిన్న అరలు, ఒక్కోదాంట్లో అరచేతిలో పట్టే డ్రైవు. రీసెర్చ్ పిల్లలు రాసుకున్నదంతా వాటిలోనే ఉంటుంది. అరల అంకెలు సున్నా నుంచి మొదలవుతాయి. డ్రైవు పాడైతే మిషన్ ఆపకుండానే మార్చవచ్చు. రిటైరైన పెద్ద సారు ఆ పని చేస్తుంటే చాలాసార్లు చూశాను. ముందు కంప్యూటర్‌లో టైపు చేసి ఆ డ్రైవును పక్కన పెట్టమని చెప్పేవారు. ఆ అర లైటు మిణుకుమనేది. అప్పుడు బొత్తాం నొక్కి, రెండు వేళ్ల మందం లాగి, కాసేపు ఆగి, మెల్లగా తీసేవారు.

కొత్త సారు తార్నాక చౌరస్తాలో మిర్చి బజ్జీలు కొనుక్కొచ్చి సర్వర్ ముందే తినేవాడు. నూనె చేతులు కిటికీ తెరకు తుడిచేవాడు. నేల మీద ఎండిన చట్నీ నేను గీకేదాన్ని.

ఒక మధ్యాహ్నం మూడో నంబరు డ్రైవు పాడైందన్నారు. ఆయన బజ్జీ నములుతూనే వచ్చి, ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి బొత్తాం మీద వేలు పెట్టాడు.

"సార్, లైటు కొడ్తలేదు గద. పెద్ద సారు ముందుగాల కంప్యూటర్ల చెప్తుండె," అన్నాను.

"అవి పాత డిస్కులమ్మా, లోపట తిరిగేటివి. వీట్ల తిరిగేదేం లేదు. గుంజితే అయిపాయె."

"అది మూడు గాదు సార్. దాని మీద రెండు అని ఉన్నది."

"మస్తు లెక్కలొస్తయే నీకు. పీహెచ్‌డీకి అప్లై చెయ్యరాదు," అని గుంజేశాడు.

పాడైనది లోపలే ఉంది. బాగున్నది ఆయన నూనె చేతిలో ఉంది. ఒకటి పోతే మిగతావి ఆ బరువు మోస్తాయట, రెండు పోతే మోయలేవట. సర్వర్ కీచుమని అరిచింది. ఆయన చటుక్కున దాన్ని మళ్లీ తోశాడు, అయినా అరుపు ఆగలేదు.

మర్నాడు కాగితం, సిరా డబ్బా తెచ్చాడు. "గీడ వేలిముద్ర వెయ్యమ్మా. గదిల ఉన్నవని సాక్షి, అంతే."

నా మాటగా రాసిన కాగితం కాబట్టి తెలుగులోనే రాశాడు. నేను ఊడుస్తుంటే చీపురు కర్ర తగిలి డ్రైవు బయటికి వచ్చిందట, తప్పంతా నాదేనట. దాని మీద నా వేలు పడితే కొలువు ఆ రోజే పోతుంది. నేను ఒక్కో మాట కూడబలుక్కుంటుంటే, వేలు ఎక్కడ పెట్టాలో వెతుకుతున్నాననుకుని చోటు చూపించాడు.

"చీపురు తగిల్తే ఎట్లొస్తది సార్? బొత్తాం నొక్కాలె గద."

ఆయన నమలడం ఆపాడు. "సదువొస్తదా నీకు?" గొంతు తగ్గించాడు. "జర అర్థం చేస్కో. నా రికార్డు ఖరాబైతది. నీకు ఇంకో బిల్డింగుల పని ఇప్పిస్త."

ఆ మాట బజ్జీ వాసన కన్నా రోతగా ఉంది. పెన్ను తీసుకుని కింద రాశాను. 'రెండో నంబరు డ్రైవు సారు తీశారు. లైటు చూడలేదు. నా చీపురు బయట ఉంది.' సంతకం పెట్టి ఇన్‌చార్జి మేడమ్‌కు నేనే ఇచ్చాను. ఏ డ్రైవు ఎప్పుడు బయటికి వచ్చిందో మిషన్ తనే రాసి పెట్టుకుంటుందట. మేడమ్ అది తెరిచి చూసి, ఆయన్ని లోపలికి పిలిచి తలుపు వేసింది.

కంపెనీవాళ్లు వచ్చి రెండు రోజులు కూర్చుని పిల్లల ఫైళ్లు బయటికి తీశారు. నా కొలువు ఉంది. ఆయన కొలువూ ఉంది. వారం తర్వాత తన టేబుల్ మీద స్వీట్ల డబ్బా నా ముందు పెట్టి, "మీరు పెద్ద మనసు చేస్కోవాలె," అన్నాడు.

నేను వేలు పెట్టి ఉంటే ఆ 'మీరు' నాకు దొరికేది కాదు. డబ్బా ఆయన టేబుల్ మీదే ఉంచి, పంపు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కున్నాను.