ఇంజన్‌కు కట్టిన దండ

ఈ రోజు బాసరలో మా మనుమరాలి అక్షరాభ్యాసం. తల్లిదండ్రులు ముందే వెళ్లి గుడిలో ఎదురుచూస్తున్నారు. పిల్లను మంచిర్యాల నుంచి తీసుకెళ్లే బాధ్యత నాదీ, మా ఆవిడదీ, మా పాత కారుదీ. భైంసా దాటగానే, ఇంజన్‌కు ఆయిల్ అందడం లేదని చెప్పే ఎర్రదీపం వెలిగింది. నేను బడిలో కంటే కారు కిందే ఎక్కువ చదువుకున్నవాణ్ణి. ఆ దీపాన్ని లెక్కచేయక ఇంజన్ పాడుచేసుకున్నవాళ్ల కథలు నా దగ్గర చాలానే ఉన్నాయి గాని, ముహూర్తానికి గంటే మిగిలింది. అయినా బండి పక్కకు ఆపాను.

“ఎందుకు ఆపిన్రు? ఆ లైటు బుగ్గ అమ్మవారి బొట్టు లెక్క మంచిగనే వెలుగుతుంది కద!” అంది మా ఆవిడ.

బానెట్ ఎత్తి చూస్తే ఆయిల్ నిండుగానే ఉంది. ఇంకాస్త వంగి చూస్తే, లోపల ఇంజన్‌కు బిగించి కట్టిన బంతిపూల దండ! దాని ముడి ఒత్తిడికి ఆయిల్ స్విచ్ వైరు ఊడి ఇనుముకు తగులుతోంది. దీపం వెలగడానికి అది చాలు.

“ఇంజన్‌కు దండ కట్టుమని నీకెవరు చెప్పిన్రే?”

“అందరు బానెట్ మీదనే కడ్తరు. కష్టపడేది లోపలిదే నాయె! దానికి జర మర్యాద వద్దా?”

ముడి కాస్త వదులు చేసి వైరు తగిలించాను. స్టార్ట్ చేయగానే దీపం ఆరింది, నాకు ప్రాణం లేచొచ్చింది. ముహూర్తానికి ముందే చేరాం. పిల్ల బియ్యంలో వంకరగా, ధైర్యంగా అక్షరం దిద్దింది.

ఇంటికొచ్చాక దండ తీసేద్దామని బానెట్ ఎత్తాను. పూలు వాడిపోయాయి గాని, పాపం ఇంజన్ దారంతా ఒక్కసారీ మొరాయించలేదు. దండను వైరుకు జానెడు దూరం జరిపి మళ్లీ కట్టాను. మీరైతే తీసేసేవారా?