ఏటి మొగ ఎక్కడో చెప్పిన నూకాలమ్మ

ఎస్. రాయవరం దాటి బస్సు సముద్రం వైపు తిరగగానే, ఈ ఉదయం కిటికీలోంచి ఎండు నెత్తళ్ల వాసన గుప్పున కొట్టింది. ముందు సీటులో ఎవరో ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం అద్దం పూర్తిగా తెరిచాను. ఆ వాసన తగిలితే నాకు నూకాలమ్మ వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. వరాహ నది సముద్రంలో కలిసేచోట ఉన్న పల్లె ఆమెది. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మేది. అక్షరం ముక్క రాదు. బడిలో సోషల్ చెప్పే నాకు మా జిల్లా భూగోళం నేర్పింది ఆమే.

అనకాపల్లి విడిగా జిల్లా అయిన ఏడాది, వరండా గోడ మీద కొత్త జిల్లా పటం వేయమన్నారు మా హెడ్మాస్టారు. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మాది కశింకోట పక్క చెరకు పల్లె. సముద్రమంటే సెలవు రోజున కాళ్లు తడుపుకుని వచ్చే చోటు, అంతే. అయినా పాత పటాలు ముందు పెట్టుకుని హుషారుగా గీశాను. మాడుగుల వెనక కొండలు, శంకరం దగ్గర బౌద్ధులు తొలిచిన బొజ్జన్నకొండ, శారద నది, దిగువన వరాహ, అంచున నీలి రంగు. వంటమ్మకు చేపలివ్వడానికి వచ్చిన నూకాలమ్మ, గంప దించి ఆ గోడ ముందు చాలాసేపు నిలబడింది.

"ఇదేటి పంతులమ్మ గారూ?"

"మన జిల్లా."

"మా ఏరు సంద్రంలో ఎక్కడ కలుత్తంది ఇందులో?"

వేలు పెట్టి చూపించాను.

"ఇది మాయమ్మ నాటి మొగ. ఇప్పుడది ఉత్తరానికి జరిగిపోనాది."

మొగ అంటే ఏరు సముద్రంలో పడే నోరు. "పుస్తకంలో ఇలాగే ఉంది" అని నవ్వాను.

"పుస్తకం తడవదు కదమ్మా" అని గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ కార్తీకంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఒకటే వాన. అలలు ఇసుక తోసి మొగను పూడ్చేశాయి. ఏటి నీరు సముద్రంలోకి పోలేక వెనక్కి తన్ని, పాలు పోసుకుంటున్న వరి చేలను ముంచేసింది. నా తొమ్మిదో తరగతి సగం ఖాళీ. వచ్చిన వాళ్లలో లక్ష్మి అనే పిల్ల, "మా సేను మునిగిపోనాది మేడమ్. ఇంకో రెండ్రోజులుంటే కుళ్లిపోతాదంట" అంది. వాళ్ల నాన్నతో పాటు ఇరవై మంది రైతులు మొగ తవ్వడానికి ట్రాక్టర్ ఎక్కుతున్నారు. నా పటం సంగతి లక్ష్మి చెప్పిందట, నన్నూ రమ్మన్నారు. గర్వంగానే ఎక్కాను.

ఇసుక దిబ్బకు ఇటు బురద ఏరు, అటు సముద్రం. ఫోన్లో పటం ఫొటో చూసి, ఇక్కడ అని చూపించాను. రెండు గంటలు తవ్వారు. తవ్విన గట్టు తవ్వినట్టే కూలి పూడిపోతోంది. అంతలో నూకాలమ్మ తన పల్లె జనంతో వచ్చింది.

"ఎవరు సెప్పేరు ఇక్కడ తవ్వమని?"

అందరూ నా వైపు చూశారు. "నేనే చెప్పాను. తప్పు చెప్పాను. ఎక్కడ తవ్వాలో నువ్వు చెప్పమ్మా" అన్నాను.

ఆమె నవ్వలేదు. చెయ్యి పట్టుకుని ఉత్తరంగా నడిపించి ఒకచోట ఆపింది. "కాలు పెట్టి సూడు. ఇసక సల్లగా జారతంది. ఏరు కిందనుంచి ఇటే ఎల్లాలని సూత్తంది." తర్వాత లక్ష్మి వాళ్ల నాన్న వైపు తిరిగి, "ఇప్పుడే దిబ్బ కొయ్యకండి బావా. సంద్రం పోటు మీదుంది. ఇప్పుడు కోత్తే ఉప్పునీరు మీ సేలల్లోకి ఎక్కేత్తాది. సంద్రం తగ్గనీండి" అంది.

ఎదురుచూస్తున్నంతసేపూ పడమటి కొండలు చూపిస్తూ చెప్పింది. "పడవ లోపలికెల్లేకొద్దీ ముందు ఇళ్లు ములిగిపోతాయి, తరవాత తాడిసెట్లు. ఆకరికి ఆ కొండలే మిగుల్తాయి. మా తాతలు వాటి గురుతు మీదే ఒడ్డుకొచ్చేవోరు." నా ఒళ్లు జలదరించింది. ఓడల మీద ఈ తీరానికి వచ్చిన పాతకాలపు వర్తకులూ, భిక్షువులూ ముందుగా చూసింది ఈ కొండల్నే అయి ఉంటుంది. పరీక్షల కోసం పిల్లల చేత బట్టీ పట్టించిన చరిత్ర నా కళ్లెదుట నిలబడి ఉంది.

సముద్రం తగ్గాక రైతులూ, పల్లె వాళ్లూ కలిసి పారలు పట్టారు. ముందు వేలెడు నీరు పారింది. అది చూస్తుండగానే జానెడైంది, మూరెడైంది. గట్లు పెళ్లలు పెళ్లలుగా విరిగిపడుతుంటే అందరూ వెనక్కి పరుగెత్తారు. హోరున ఎర్రటి నీరు నీలి సముద్రంలోకి దూకింది. జనమంతా కేకలు. నేనూ గొంతు పోయేలా అరిచాను. నూకాలమ్మ నా భుజం తట్టి, "ఇప్పుడు గీసుకో" అంది.

పల్లపు చేలు కొన్ని పోయాయి గానీ, మిగతావి మూడో రోజుకి తేలాయి. గోడ మీద వరాహ చివర రంగు గీకేసి సుద్దముక్కతో కొత్త మొగ గీశాను. ఏటా ఆ పల్లె పిల్లలు చూసొచ్చి చెబితే చెరిపి గీస్తాం.

నూకాలమ్మ పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ క్లాసులో ఏ పిల్లయినా లేచి, "అక్కడ అలాగ లేదు మేడమ్" అంటే నా గుండె ఉరకలు వేస్తుంది. పుస్తకం మూసేసి, "మరి ఎలా ఉందో చెప్పమ్మా" అని బెంచీ మీద ఆ పిల్ల పక్కన కూర్చుంటాను.