నుంచీ-దాకా గారు

మా ఆఫీసులో నుంచీ-దాకా గారు ఏ ప్రశ్నకీ ఒక్క అంకెతో జవాబు చెప్పి ఎరగరు. గోడ గడియారం ఎదురుగానే ఉన్నా సరే, టైమెంతంటే "పదీ పది నుంచీ పదింపావు దాకా" అనేవారు. పిల్లలెంతమందండీ అంటే, "ఇద్దరి నుంచీ ఇద్దరి దాకా." ఇంటికెప్పుడొస్తారని భార్య ఫోన్ చేస్తే, "ఆరు నుంచీ తొమ్మిది దాకా." ఆవిడేం తక్కువ తిన్లేదు. "సరే, వంట కూడా వేడి నుంచీ చల్లన దాకా ఉంటుంది" అని ఫోన్ పెట్టేసేది.

తప్పు ఆయనది కాదు, వృత్తిది. మేం కంపైలర్ తయారుచేసేవాళ్ళం. అంటే మనుషులు రాసిన ప్రోగ్రాముల్ని యంత్రం చకచకా నడిపేలా మార్చే సరంజామా. ప్రోగ్రాములో ప్రతి అంకె ఎంత నుంచీ ఎంత దాకా వెళ్ళగలదో ముందే లెక్కగట్టే భాగం ఆయన కన్నబిడ్డ లాంటిది. ఫలానా అంకె హద్దు దాటదని తేలితే, దాటిందేమోనని మాటిమాటికీ చూసే తనిఖీ తీసేయొచ్చు. ప్రోగ్రామ్ పరిగెడుతుంది.

చిక్కల్లా ఆ లెక్కే నత్తనడక నడవడం. "వేగం పెరక్కపోతే ఆ భాగం పీకేస్తా" అన్నారు మేనేజరు. నుంచీ-దాకా గారు ఆ పూట టీ కూడా ముట్టలేదు.

పసిబిడ్డ కోసం ఉద్యోగం మానేసి, చాన్నాళ్ళకి మళ్ళీ పనిలోకొచ్చి మా గదిలో కొత్తగా చేరినావిడ ఆయన దగ్గరకొచ్చింది.

"సార్, ఒకే పని మళ్ళీ మళ్ళీ జరిగే చోట మీ లెక్క సున్నా నుంచీ ఒకటి దాకా, సున్నా నుంచీ రెండు దాకా అంటూ ఒక్కో మెట్టే ఎక్కుతోంది. రెండు మెట్లెక్కగానే ఇది పైకే పోతుందని ఒప్పేసుకుని, పై హద్దు ఒకేసారి ఆకాశానికెత్తేస్తే?"

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అమ్మా, ఇది నాకెందుకు తట్టలేదు!"

ఆవిడ రాసింది. లెక్క టీ చల్లారేలోపే ముగిసింది. అందరం చప్పట్లు కొట్టాం.

వారం తిరక్కుండానే ఒక కస్టమర్ ప్రోగ్రామ్ బోర్లాపడింది. పై హద్దు ఎత్తినావిడ, అంకెలు తగ్గుతూ పోయే చోట కింది హద్దు దించడం మర్చిపోయింది. ఉండాల్సిన తనిఖీ ఎగిరిపోయింది.

"ఎవరు చేశారీ పని?" మేనేజరు గుమ్మంలోంచే అరిచారు.

ఆవిడ నోరు తెరవబోయింది.

"ఒకరి నుంచీ ఐదుగురి దాకా" అన్నారు నుంచీ-దాకా గారు.

"అదేం లెక్కండీ?"

"రాసినవాళ్ళూ, చూసి బాగుందన్నవాళ్ళూ, సరిగ్గా పరీక్షించనివాళ్ళూ."

"ఒక్క పేరు చెప్పండి!"

"ఒక్కటా? నాకలవాటు లేదు సార్."

మేనేజరు నెత్తి కొట్టుకున్నారు. "పోనీ, ఎప్పటికి బాగవుతుంది?"

"గంట నుంచీ వారం దాకా."

మేనేజరు వెళ్ళిపోయాక ఆవిడ మెల్లగా అంది, "నా ఒక్కదాని తప్పే కదా సార్. అబద్ధమెందుకు చెప్పారు?"

"అబద్ధమెక్కడమ్మా? ఒకరి నుంచీ అన్నానుగా, నిజం అందులోనే ఉంది. నువ్వొక్కదానివే ఇరుక్కోకుండా హద్దు కాస్త వెడల్పు చేశానంతే. కుర్చీ జరుపు, చూద్దాం."

సాయంత్రానికల్లా కింది హద్దూ కుదిరింది. వేగం మాత్రం తగ్గలేదు. మేనేజరు వచ్చి చూసి, పీకేసే మాట మర్చిపోయి, "ఇంత వేగం ఎవరివల్లండీ?" అన్నారు.

ఇంక ఎంతమంది పేర్లు వినాల్సొస్తుందోనని మేం నవ్వుకుంటున్నాం.

"ఈ అమ్మాయి వల్ల" అన్నారు నుంచీ-దాకా గారు. నుంచీ లేదు, దాకా లేదు.